ఆయప్ప పిక్క పట్టేయలేదు

"ఫోన్ మరిచిపోయినావు, ఓ అప్పా!" అన్నా నేను వాకిట్లో నిలబడి.

"వెనక నుంచి పిలిచినావు గదమ్మే. ఇంక నీళ్ళు తే," అన్నాడు ఆయప్ప, గేటు దగ్గర నుంచి తిరిగొచ్చి మెట్టు మీద కూర్చుంటా.

"కారు కాచుకోని ఉండాది. ఫోన్ తీసుకోని సుమ్మనే పోప్పా."

"ఒక్క గుటక ఇయ్యి. పోతా."

ఇచ్చినా. తాగినాడు. చెంబు మెట్టు మీద పెట్టి పోయినాడు. నాకూ నా మొగుడికీ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇంతే. ఏడుపు సంగతి పక్కన పెట్టండి, నాకు కోపం దేనికంటే, తాగే పోయినాడు గదా మనిషి! వెనక నుంచి పిలిస్తే ఏం చేయల్లో అంతా పద్ధతిగా చేసినాడు. తిరిగొచ్చినాడు, కూర్చున్నాడు, నీళ్ళు తాగినాడు. అయినా ఇల్లు చేరలేదు. తాను పరుగు నేర్పించే పిల్లోళ్ళ కోసం టెక్ పార్కు గోడ పక్కన జెండా పట్టుకోని, వెనకబడినోళ్ళు వచ్చేదాకా ఉంటానని నిలబడినాడంట. నిలబడినోడు ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడంట. కూర్చున్నోడు లేవలేదు. గుండె. బతుకంతా పరిగెత్తితే ఏమీ కాని గుండె, ఊరికే నిలబడి ఉంటే ఆగిపోయింది. "ఇంత రన్నింగ్ చేసేవాళ్ళకి కూడా వస్తుందా ఆంటీ?" అని ఆసుపత్రిలో ఒక పిల్ల నన్నడిగింది. నన్ను!

ఇది రాస్తా ఉండేది నేను గాదు. నేను చెప్తా ఉండా, మా అన్న కోడలు రాస్తా ఉండాది. మేము తాతల కాలం నుంచి బెంగళూరు వాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఆ కన్నడ బడికి కూడా నేను రెండో క్లాసులోనే దండం పెట్టి వచ్చేసినా. సంతకం చేస్తా, బస్సు నంబరు చదువుతా, అంతే. మా అన్న కోడలు హిందూపురం పిల్ల. ఈ ఇంట్లో తెలుగు రాసేది దానికొక్కదానికే వచ్చు. కుందలహళ్ళిలో మా అన్న కట్టిన ఇంట్లో కింద వాళ్ళు, పైన మేము. మేము అంటే ఇప్పుడు నేనే. పిల్లల్లేరు మాకు.

ఎందుకు రాయిస్తా ఉండానో చెప్తా. ఆయప్ప, అంటే మా ఆయన, ఒకప్పుడు పెద్ద పరుగులు పరిగెత్తిన మనిషి. మారథాన్. రిటైర్ అయినాక ఇక్కడి సాఫ్ట్‌వేర్ పిల్లోళ్ళకు పరుగు నేర్పించేవాడు. వైట్‌ఫీల్డ్ వాళ్ళు, ఈ కుందలహళ్ళి వాళ్ళు, సగం మంది ఆంధ్రా తెలంగాణా వాళ్ళే. దినాలు అయినాక ఆ క్లబ్బు వాళ్ళు వచ్చినారు. ఆయప్ప పేరు మీద ఒక పరుగు పెడతారంట, ఒక చిన్న బుక్కు వేస్తారంట. "మీరు కూడా రెండు ముక్కలు చెప్పండి ఆంటీ, తెలుగులోనే," అన్నారు. వాళ్ళు రాసుకున్నది చదివి వినిపించినారు. 'ఇతరుల గెలుపు కోసం తన గెలుపును త్యాగం చేసిన మహామనిషి' అని మొదలు. కొంచెం తరవాత, 'చివరి సెలక్షన్ పోటీలో పిక్క పట్టేసినా ఆ నొప్పితోనే గమ్యం చేరిన ధీరుడు' అని.

"పిక్క పట్టేయలేదు," అన్నా.

వాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. "పేపర్లో కూడా అట్లాగే వచ్చింది కదా ఆంటీ."

"వచ్చింటాది. పట్టేయలేదు. నేను రాయించి ఇస్తా, ఉండండి."

అందుకు రాయిస్తా ఉండా. మొదట మనిషిని చెప్తా. పిక్క తరవాత.

సన్నం. ఎంత సన్నమంటే, పెండ్లిచూపుల పొద్దు మా నాయన మధ్యవర్తిని చాటుకు పిలిచి "ఈయప్పకు టీబీ గీబీ లేదు గదా?" అని అడిగినాడు.

"లేదన్నా, పరిగెత్తుతాడు. అందుకే అట్ల ఉండాడు."

"ఎందుకు పరిగెత్తేది? ఎవురన్నా తరుముకుంటా ఉండారా?"

పరుగు బాగుంటే గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగం ఇస్తారని చెప్పినా మా నాయనకు నమ్మకం కుదరలేదు. చిక్కపేటలో అంగడి పెట్టుకున్న మనిషి. కూర్చోని సంపాదించేది తెలుసు, నిలబడి సంపాదించేది తెలుసు. పరిగెత్తి సంపాదించేది యాడుండాది?

పెండ్లిలో అగ్ని చుట్టూ తిరిగేటప్పుడు ఆయప్ప ముందర, చిటికెన వేలు పట్టుకోని వెనక నేను. కొత్త పట్టుచీర, కుచ్చిళ్ళు కాళ్ళకు తగులుకుంటా ఉండాయి, ఆ పొగకు ఊపిరాడడం లేదు. ఆయప్ప తల తిప్పకుండానే అడుగు తగ్గించినాడు. అయ్యవారు ఒక పక్క మంత్రం చెప్తా ఉంటే, మెల్లిగా, "ఊపిరి పైపైన తీస్తా ఉండావు. కడుపులోకి పీల్చు," అన్నాడు. నా మొగుడు నాతో మాట్లాడిన మొదటి మాట అది. పెండ్లికూతురితో మాట్లాడే మాటేనా!

మొగం చూసి మనసు తెలుసుకునేది ఆయప్పకు రానే రాదు. ఎదురుగా కూర్చోని ఏడ్చినా "జలుబు చేసిందా?" అంటాడు. అదే వెనక నిలబడి ఊపిరి తీస్తే చాలు, అన్నీ తెలిసిపోతాయి. నేను వంటింట్లో ఉంటా, ఆయప్ప ముందర గదిలో అవతలికి తిరిగి షూ లేసులు కట్టుకుంటా ఉంటాడు.

"ఏమ్మే, కోపమా?"

"లేదు."

"ఉండాది. ముక్కుతో ఇడుస్తా ఉండావు."

ఇట్లాంటి మనిషితో మనసులో పెట్టుకోని తిట్టేదానికి కూడా లేదు.

దూరం ఎంతప్పా అంటే కిలోమీటర్లు చెప్పడు, నిమిషాలు చెప్తాడు. అవి ఆయప్ప నిమిషాలు. మడివాళలో మా పిన్నమ్మ కూతురి సీమంతానికి "దగ్గరే, నడిచి పోదాం పా" అని తీసుకోని పోయినాడు. పోయేసరికి గాజులు తొడిగేది అయిపోయి విస్తళ్ళు ఎత్తుతా ఉండారు. కాలి గోళ్ళు నల్లబడి రాలిపోయేవి. రాలిన గోరును అరచేతిలో పెట్టుకొచ్చి చూపించేవాడు, చిన్న పిల్లోడు ఊడిన పన్ను చూపించినట్ల. "పారేయప్పా, చీ!" అంటే "కొత్తది వస్తాది లేమ్మే," అనేవాడు, నేనేదో దాని కోసం బాధపడతా ఉండేట్ల. పరుగు నుంచి వస్తే చెమట ఆరి నొసలంతా ఉప్పు తెల్లగా కట్టి ఉంటాది. పాత ఇంట్లో పక్కింటామె చానా రోజులు ఆయప్పను పెద్ద భక్తుడు, విభూతి పెట్టుకుంటాడు అనుకునింది.

ఇంక ఆ నీళ్ళ పిచ్చి.

బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదనేది మనోళ్ళందరికీ ఉండేదే. పిలిస్తే తిరిగొచ్చి, కొంచెంసేపు కూర్చోని, నీళ్ళు తాగి పోతారు. పట్టించుకునేవాళ్ళు పట్టించుకుంటారు, లేనివాళ్ళు లేదు. ఆయప్పకు మాత్రం ఇల్లు లేదు వాకిలి లేదు, యాడైనా అంతే. బస్సు ఎక్కి కాలు పైన పెట్టినాక ఎవురో ఇంకెవురినో "ఓ అన్నా" అంటే దిగేస్తాడు. నేను బస్సులో ఉంటా, ఆయప్ప రోడ్డు మీద హోటలు వెతుక్కుంటా ఉంటాడు. బస్సు పోతాది. నేను కిటికీలో నుంచి తిడతా. తరవాతి స్టాపులో చూస్తే, నీళ్ళు తాగి, అడ్డదారిలో పరిగెత్తొచ్చి, బస్సు కన్నా ముందర నిలబడి ఉంటాడు. కండక్టరు రెండో టికెట్టు అడిగేది!

"ఏందప్పా నీకీ పిచ్చి?" అని ఒకసారి గట్టిగా అడిగినా.

"మా నాయన నిలబడలేదమ్మే," అన్నాడు.

వాళ్ళ నాయన మిల్లులో పని. గేటు మూస్తారని తొందరతొందరగా పోతా ఉంటే, కారియర్ మరిచిపోయినావని వాళ్ళమ్మ వెనక నుంచి పిలిచిందంట. తిరగకుండానే చెయ్యి ఊపి పోయినాడంట. ఆ పొద్దు మిల్లులో బాయిలరు దగ్గర... అంతకు మించి ఆయప్ప చెప్పలేదు, నేనూ అడగలేదు. అయితే మాత్రం, ఊరంతటి పిలుపూ తన పిలుపే అనుకుంటే ఎట్ల?

పరుగోళ్ళను తయారుచేసే క్యాంపులో అందరికీ తెలిసిపోయింది ఇది. తోటి పరుగోళ్ళు ఆట పట్టించేవాళ్ళంట. ట్రాకు మీద వెనక నుంచి "అన్నా" అనేది, ఆయప్ప టక్కున నిలబడి నీళ్ళకు చూసేది, వాళ్ళు కడుపు పట్టుకోని నవ్వేది. ఇక్కడి సాఫ్ట్‌వేర్ పిల్లోళ్ళు పాపం వేరే మాదిరి అర్థం చేసుకున్నారు. వెనక నుంచి ఎవురన్నా "సార్" అంటే ఆయప్ప అందరినీ ఆపి నీళ్ళు తాపించేవాడు. "వాటర్ బ్రేక్ విషయంలో సార్ చాలా స్ట్రిక్ట్ ఆంటీ" అని నాతో గొప్పగా చెప్పినారు. నేను సరేలే అని ఊరుకున్నా.

ఆయప్ప ఉద్యోగం ఆఫీసులో రాసేది గాదు, పరిగెత్తేది. పరుగులో ఆయప్ప పని ఏందో పెండ్లినాటికి నాకు తెలియదు. దాన్ని పేసర్ అంటారంట. గెలవాల్సిన మనిషికి ముందర ఇంకో మనిషిని పెడతారు. వెనకోడు గాలి తగలకుండా, ఎంత వేగంగా పోవల్లో ఆలోచన లేకుండా, ఆ వీపు చూసుకోని పరిగెత్తొచ్చు. ముందరోడు వెనకోడి ఊపిరి వింటా వేగం పెంచుతా తగ్గిస్తా లాక్కోని పోతాడు. ముప్పావు దారి అయినాక పక్కకు తప్పుకుంటాడు. గెలిచేది వెనకోడు. ఇదీ మా ఆయప్ప పని.

నాకు ఎట్ల తెలిసిందో వినండి. పెండ్లయిన కొత్తలో ఊర్లోనే పెద్ద పరుగు. మావాళ్ళంతా పొద్దున్నే కబ్బన్ పార్కు మూలన నిలబడినాము. వచ్చినారు. ముందర పోలీసు బైకు, దాని వెనక మా ఆయప్ప, ఆయప్ప వెనక లోకమంతా. మా అన్న ఎగిరి గంతేసినాడు. "మన బావే ముందర! మన బావే!" అంతే, స్కూటర్ ఎక్కి మార్కెట్టుకు పోయి ఇంత లావు గులాబీల హారం తెచ్చినాడు. యాడ దొరికినారో ఏమో, ఇద్దరు ఓలగం వాళ్ళను, సన్నాయి ఊదేవాళ్ళను, కూడా పిలుచుకొచ్చినాడు. అందరం స్టేడియం గేటు దగ్గర కాచుకున్నాము.

ఒకడు వచ్చినాడు. మావోడు గాదు. ఇంకోడు వచ్చినాడు, వాడూ గాదు. మనిషి కనపడినప్పుడల్లా ఓలగం వాళ్ళు నోట్లో పెట్టుకునేది, మా అన్న "ఈయప్ప గాదు, ఈయప్ప గాదు" అని చెయ్యి అడ్డం పెట్టేది. చానాసేపటికి ఒక ఆటో వచ్చి నిలబడింది. మా ఆయప్ప దిగినాడు. ఎద మీద నంబరు అట్లే ఉండాది.

"బావా, ఆటోకు దుడ్లు ఉండాయా? ఈ నిక్కరుకు జేబు లేదు," అన్నాడు మా అన్నతో.

మా అన్న ఆటోకు దుడ్లు ఇచ్చినాడు. హారం అట్లే పట్టుకోని నిలబడినాడు.

"ఎవురికి ఇది?" అన్నాడు ఆయప్ప.

"నీకే బావా..."

నవ్వినాడు. హారం తీసుకోని పోయి గెలిచినోడి మెడలో వేసినాడు. ఊదకపోతే బాగుండదని ఓలగం వాళ్ళు వాడికి ఊదినారు. ఆ గెలిచినోడు ఆయప్ప ఆఫీసులోనే కొత్తగా చేరిన పిల్లోడు. పేరు చెప్పను. చిన్నోడు అంటా.

ఇంటికొచ్చినాక అడిగినా. "ముందరే ఉంటివి గదా, ఎందుకు దిగితివి?"

"అంతవరకే నా పని. ఈసారి వాడికి లాగు, వచ్చేసారి నీ వంతు అన్నాడు కోచ్చు."

ఆ వచ్చేసారి వచ్చిందే లేదు. పూణే పోయినాడు, ఢిల్లీ పోయినాడు, ఒకసారి కొలంబో కూడా పోయినాడు. యాడికి పోయినా గెలిచేది ఇంకెవురో, ఈయప్ప పరుగులో అందరికీ ఇచ్చే టవళ్ళు సంచి నిండా తెచ్చేది. మా ఇంట్లో ఈ పొద్దుకూ టవళ్ళకు కరువు లేదు.

దీన్ని త్యాగం అంటారు క్లబ్బు పిల్లోళ్ళు. ఎవురు చెప్పినారు మీకు త్యాగమని? పేపర్లో గెలిచినోడి ఫోటో వస్తే, దాంట్లో ఒక అంచున సగం భుజమో మోచెయ్యో కనపడేది. దాని మీద వేలు పెట్టి, "ఇది నేనే చూడమ్మే," అనేవాడు. వచ్చినోళ్ళకంతా చూపించేవాడు. త్యాగం చేసినోడు అట్ల వేలు పెడతాడా? ఆయప్ప గెలవల్లనుకున్నాడు. ఆ మాట ముందర రాసుకోండి. అందరి మాదిరే, లోపల కాలిపోయేంత గెలవల్లనుకున్నాడు. అడిగేది చేతగాలేదు. అంతే.

ఆఖరికి ఒకసారి ఇచ్చినారు. దేశం తరపున బయటికి పోయేదానికి సెలక్షన్ పరుగు, మన ఊర్లోనే. మొదట వచ్చినోడు ఒక్కడే పోతాడు. ఆయప్పకు వయసు మీద పడతా ఉండాది, అది కోచ్చుకు కూడా తెలుసు. "ఈసారి నీ పరుగు నువ్వు పరిగెత్తు," అన్నాడంట. చిన్నోడు కూడా అదే పరుగులో ఉండాడు, తన కోసం తాను.

ఇంక చూడండి తమాషా. ఎన్నో ఏండ్లు ఇంకోడి ఊపిరి వింటా పరిగెత్తిన మనిషికి, ఒక్కడే పరిగెత్తమంటే కాలు పడదు. "వెనక ఎవురన్నా ఉండల్లమ్మే," అంటాడు. సరేనని పొద్దున పూట మా అన్న స్కూటర్ నడిపేది, నేను వెనక కూర్చునేది, ముందర ఆయప్ప పరిగెత్తేది. కొంచెం దూరం పోయి నిలబడినాడు.

"స్కూటర్ చప్పుడు గాదు బావా, మనిషి ఊపిరి కావల్ల."

"అయితే నన్ను దిగి పరిగెత్తమంటావా?" అన్నా.

"నువ్వు పరిగెత్తగలిగితే..."

"నీ మొగం!"

రోడ్డు మీదే గలాటా. కానీ చేసినాడు. నెలలు నెలలు ఒక్కడే పరిగెత్తి పరిగెత్తి అలవాటు చేసుకున్నాడు. ఆ రోజుల్లో నిద్రలో కూడా ఆయప్ప కాళ్ళు కదులుతా ఉండేవి. పక్కలో తన్నులు తిన్నదాన్ని, నాకు తెలుసు ఎంత కావల్లనుకున్నాడో.

పరుగు పొద్దు ఇంక హారం వద్దు, ఓలగం వద్దు అన్నా మా అన్నతో. స్టేడియం గేటు కాడికి కూడా పోలేదు. ముప్పావు దారి అయ్యేచోట, ఎప్పుడూ ఆయప్ప పక్కకు తప్పుకునే చోటే పోయి నిలబడినా. దిగుతాడా లేదా చూద్దామని. వచ్చినాడు. ఒక్కడే. వెనక ఎవురూ లేరు, చానా దూరంలో చుక్క మాదిరి ఒకడు. నా ముందర నుంచి పోయినాడు. దిగలేదు! నేనుండేది చూసినాడో లేదో. పోయినాడు. నాకు అరిచి పిలవల్లని నోటిదాకా వచ్చింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నా. పిలిస్తే నిలబడతాడు గదా ఈ మహారాజు! పిలవలేదు. ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. కొంచెంసేపటికి ఆ చుక్క దగ్గరికొచ్చింది. చిన్నోడు. నోరు తెరుచుకోని, తల వాల్చుకోని, పడిపోయేటోడి మాదిరి పోతా ఉండాడు. ఇంక మనదే అనుకున్నా.

ఆటో చేసుకోని స్టేడియంకు పోయేసరికి అయిపోయింది. చిన్నోడు మొదట. మా ఆయప్ప రెండు.

"ఏమైంది?" అన్నా.

"పిక్క పట్టేసిందమ్మే," అన్నాడు. నా మొగం చూడలేదు.

నీళ్ళ బల్ల దగ్గర నిలబడిపోయినాడని చూసినోళ్ళు చెప్పినారు. పేపర్లో అట్లే వేసినారు. ఆఫీసులో అట్లే అనుకున్నారు. కోచ్చు ఇంక క్యాంపుకు పిలవలేదు. "పిక్క పోయిన మనిషితో ఏం చేసేది" అన్నాడంట. పరుగుకే పుట్టిన మనిషిని తీసుకోని పోయి టేబుల్ ముందర కూర్చోబెట్టి కవర్లకు స్టాంపులు అంటించమన్నారు. రిటైర్ అయ్యేదాకా అంటించినాడు.

నేనేం చేసినా? నువ్వుల నూనెలో తెల్లగడ్డలు వేసి కాచి, సాయంత్రం పూట ఆ పిక్కకు రుద్దినా. ఏండ్లకేండ్లు. ఆయప్ప కాలు చాపుకోని కూర్చునేది, నేను రుద్దేది. ఒకసారి ఎడమ కాలు చాపినాడు.

"కుడిది గదప్పా?"

"ఆ, కుడిదే, కుడిదే," అని మార్చినాడు.

నూనె రుద్దతా నేను కోచ్చును తిట్టేది, దేవుణ్ణి తిట్టేది, ఆ పిక్కను తిట్టేది. ఆయప్ప వింటా కూర్చునేది. ఒక్క మాట చెప్పలేదు.

చిన్నోడు పండగ పండగకూ పండ్లు తీసుకోని వచ్చేవాడు. "వదినా, ఆకలి" అని వంటింట్లోకే వచ్చేవాడు. ఒబ్బట్లు చేసి పెట్టినా, నెయ్యి వేసి పెట్టినా. దేశం తరపున బయటికి పోయి యాడనో వెనక వచ్చినాడు, అయినా పేరొచ్చింది. ఇప్పుడు పెద్ద ఆఫీసరు. పొట్ట వచ్చింది, డ్రైవరు వచ్చినాడు. క్లబ్బు వాళ్ళ పరుగుకు ముఖ్య అతిథి ఆయనే.

క్లబ్బు వాళ్ళు నా దగ్గరికి వచ్చేదానికి ముందే ఒక మధ్యాహ్నం వచ్చినాడు. ఆపిల్ పండ్లు ఫోటో ముందర పెట్టినాడు. కాఫీ తాగినాడు. ఆ పరుగు పొద్దు ఏం మాట్లాడల్లో క్లబ్బు వాళ్ళు ఫోన్‌కు పంపించినారంట. "విను వదినా, బాగా రాసినారు," అని నాకు చదవబట్టినాడు. త్యాగం చదివినాడు. పిక్క కాడికి వచ్చేసరికి చదివేది ఆపినాడు. ఫోన్ బోర్లా పెట్టినాడు.

"వదినా, అన్న పిక్క పట్టేయలేదు."

"మరి ఏమైంది?"

"నేను పిలిచినా."

నాకు అర్థం కాలేదు. "ఎప్పుడు?" అన్నా.

"ఎట్లో పిలిస్తే వినపడేంత దగ్గరికి చేరుకున్నా వదినా, అన్న ఇంకా ముందరే పోతా ఉండాడు. ఇంక అందడని తెలిసిపోయింది. ఊపిరాడడం లేదు. నోట్లో నుంచి 'అన్నా' అని వచ్చేసింది."

"వచ్చేసిందా, పిలిచినావా?"

నేల చూసినాడు. "పిలిచినా."

"నిలబడతాడని తెలిసే పిలిచినావా?"

"తెలిసే వదినా. క్యాంపులో ఎన్నిసార్లు పిలిచి నవ్వలేదు మేము? అంత పెద్ద పోటీలో నిలబడతాడా అని కూడా అనుకున్నా. నిలబడినాడు. నీళ్ళ బల్ల మీద గ్లాసు తీసుకోని, రోడ్డు పక్కన రాయి మీద కూర్చోని తాగినాడు. కూర్చోని! నేను పక్కనే పోతా ఉంటే తలెత్తి చూసినాడు."

"తిట్టినాడా?"

"లేదు. 'పైపైన పీలుస్తా ఉండావు, కడుపులోకి తీసుకో' అన్నాడు."

అని చిన్నోడు ఏడ్చినాడు. పెద్ద మనిషి, పొట్ట అదురుతా ఏడ్చినాడు. నాకు రాలేదు ఏడుపు. అరికాళ్ళ నుంచి మంట లేచింది. కళ్ళు తుడుచుకోని, చెప్పులు వేసుకుంటా ఏమన్నాడో తెలుసా? "వదినా, ఇది నీకూ నాకూ మధ్యనే ఉండనీ. ఆ పొద్దు అందరూ వస్తారు, టీవీ వాళ్ళు కూడా వస్తారు. అన్న కూడా ఎవురికీ చెప్పలేదు గదా."

"చెప్పలేదు. నాక్కూడా చెప్పలేదు," అన్నా. "ఆ పండ్లు ఎత్తుకోని పో."

"వదినా..."

"ఫోటో ముందర పెట్టినవే. ఎత్తుకో."

ఎత్తుకోని పోయినాడు.

చిన్నోడి మీద కోపం ఒకటే అయితే ఎట్లో అణుచుకుంటా. వాడు గెలవల్లని పిలిచినాడు. వాడిది అన్యాయం, కానీ నాకు అర్థమయ్యే అన్యాయం. నాకు అర్థం కానిది ఆయప్పే. ఓ అప్పా, నిలబడితివి, సరే. మీ నాయన, నీ భయం, సరే. వాడు కావాలనే పిలిచినాడని నీకు తెలుసు గదా? వెనకోడి ఊపిరి విని మనిషి గుట్టంతా చెప్పేవాడివి, వాడి పిలుపులో ఏముండాదో నీకు తెలియలేదంటే నేను నమ్మను. తెలిసే కూర్చుంటివి. తెలిసే తాగితివి. అదీ సరే! ఇంటికొచ్చి నాకొక్కదానికి చెప్పింటే నీ సొమ్మేం పోయె? నీళ్ళు తాగినానంటే జనం నవ్వుతారనా? నవ్వనీ. చిన్నోడి పేరు చెడతాదనా? చెడనీ. అన్నీ వదిలి ఆ పిక్క మీద ఎందుకు పెడితివప్పా? దానికేం పాపం తెలుసు? పిక్క పోయిందన్నందుకే గదా క్యాంపు పోయింది. ఆ కాళ్ళలో ఇంకా ఎంత పరుగు ఉండె! వాళ్ళ సెలక్షన్ మళ్ళీ వచ్చింటే? నువ్వు మళ్ళీ నిలబడింటే? నిలబడనీ, మళ్ళీ పోటీకన్నా పోయిండేవాడివి గదా. ఆ మాట మీద నీతో గలాటా చేద్దామంటే ఇప్పుడు యాడుండావు నువ్వు? ఫోటోతో ఎంతసేపని కొట్లాడేది? ఫోటోకు ఊపిరి వినపడదు.

ఏమే, ఎందుకు ఆపినావు? రాయి.

"అత్తా, ఆ చిన్నోడే గదా ముఖ్య అతిథి," అంటా ఉండాది మా అన్న కోడలు. "ఇదంతా బుక్కులో వేస్తారా? బాగుండదేమో."

వేయకపోతే వేయకుండా పోనీ. అప్పుడు నా మొగుడి పేరు కూడా వేయొద్దని చెప్పు. ఆ ముఖ్య అతిథి పేరు నేను చెప్పినానా? చెప్పలేదు. చిన్నోడు అన్నా. అది వాడికి నేను చేసిన మర్యాద. వాడిని వచ్చి మైకులో మాట్లాడుకోమను, అడ్డం లేదు. కానీ 'ధీరుడు' తీసేయమని రాయి. 'త్యాగం' కొట్టేయమని రాయి. ఇది మాత్రం వేయమను. ఆయప్ప పిక్కకు ఏమీ కాలేదు. ఆ కాలు ఒక్క పొద్దు కూడా ఆయప్పను మోసం చేయలేదు. ఆఖరి స్నానం పోసేటప్పుడు ఆ రెండు పిక్కలూ నేనే పట్టుకోని కడిగినా. పొట్టేలు కొమ్ము మాదిరి గట్టిగా ఉండె. పిక్క పోయిన మనిషని ఆఫీసులో అన్నోళ్ళు, క్యాంపుకు పిలవనోళ్ళు, ఇంకా బతికి ఉండేవాళ్ళు ఉంటే వాళ్ళకు తెలియల్ల. పరుగు ఉండంగానే కూర్చోబెట్టినారు. ఆయప్ప కూడా ఒప్పుకోని కూర్చున్నాడు. నేను ఒప్పుకోను.

రాసినావా? చివర్న గారూ గీరూ తగిలించొద్దు. నా పేరు కింద వేలిముద్ర వద్దు, సంతకం చేస్తా, వచ్చు నాకు.

ఏదీ, మొదట్నుంచి చదువు. నిదానంగా, గట్టిగా చదువు. యాడన్నా నా మాట మెత్తగా చేసింటే ఇప్పుడే చెప్పు, లేకపోతే మళ్ళీ అంతా రాయాల్సి వస్తాది. ఊ, చదువు, వింటా ఉండా.